నాగసాకిని కాళ్లతో చూడాలి: రెండున్నర రోజుల సమగ్ర మార్గదర్శి

జపాన్ వెళ్లొచ్చిన మనవాళ్లను అడిగి చూడండి. టోక్యో, క్యోటో, ఒసాకా, వీలు చిక్కితే ఒక పూట హిరోషిమా. నాగసాకి ఎందుకు వెళ్లలేదంటే "హిరోషిమా చూశాం కదా, అదీ ఇదీ ఒకటేగా" అంటారు. ఒకటి కాదు. హిరోషిమా నదుల మధ్య చదునైన డెల్టా. నాగసాకి కొండల మధ్య ఇరుక్కున్న రేవు. 1945 ఆగస్టు 9న పడ్డ ప్లుటోనియం బాంబు హిరోషిమా బాంబు కన్నా శక్తిమంతమైనదే. కానీ అది పేలింది ఉరకామి అనే లోయ మీద. ఆ లోయ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. కొండ అడ్డం ఉండటంతో అవతలి లోయలోని పాత ఊరు చాలావరకు నిలబడింది. అందుకే నాలుగు వందల ఏళ్ల రేవు పట్టణం, కాలిపోయిన లోయ, రెండూ ఇవాళ ఒకే ట్రాం లైను మీద కనిపిస్తాయి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు తప్పు చేశాను. స్టేషన్లో దిగి, సామాను లాకర్లో పడేసి నేరుగా అణుబాంబు మ్యూజియంకి పోయాను. ప్రతి వస్తువు పక్కనా ఒక దూరం రాసి ఉంది: 500 మీటర్లు, 800 మీటర్లు, ఒక కిలోమీటరు. చదివాను, ముందుకు కదిలాను. రెండోసారి వెళ్లినప్పుడు ముందు ఆ లోయంతా నడిచి, చివర్లో మ్యూజియంలోకి వెళ్లాను. 800 మీటర్లంటే ఎంతో అప్పటికి కాళ్లకు తెలిసింది. గోడ గడియారం ముందు నిలబడినప్పుడు ఆ అంకె వేరేగా కనిపించింది. ఈ గైడంతా ఆ వరుస ప్రకారమే రాశాను: ముందు కొండ మీద నుంచి చూపు, తర్వాత నడక, ఆ తర్వాతే మ్యూజియం, మర్నాడు పాత రేవు.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబరు చివరి నుంచి నవంబరు, లేదా మార్చి చివరి నుంచి ఏప్రిల్. జూన్, జులైలో కొంత భాగం వానలు. ఆగస్టు ఉక్కపోత విజయవాడకేమీ తీసిపోదు, పైగా తుఫానుల కాలం. శరదృతువులో జపాన్ స్కూళ్లు విహారయాత్రలకు పిల్లల్ని ఇక్కడికి తీసుకొస్తాయి. పొద్దున పూట మ్యూజియం కిటకిటలాడుతుంది. పొద్దున నడిచి మధ్యాహ్నం మ్యూజియంకి వెళ్లమనడానికి అదీ ఒక కారణం.

ఆగస్టు 9నే వెళ్లాలనుకుంటే మాత్రం హోటల్ నెలల ముందే బుక్ చేసుకోవాలి. ఆ రోజు పీస్ పార్కులో సంస్మరణ సభ జరుగుతుంది. సరిగ్గా 11:02కి సైరన్ మోగుతుంది. ఎక్కడున్నవాళ్లు అక్కడ ఆగిపోయి తల వంచుతారు. మన టైం ప్రకారం అది ఉదయం 7:32. మీరు ఆ నిమిషానికి రోడ్డు మీద ఉంటే ఫోన్ జేబులో పెట్టేసి నిలబడండి, అంతకంటే తెలియాల్సిన మర్యాదేమీ లేదు.

ఆగస్టు 15 సాయంత్రం వరకూ ఉండగలిగితే ఇంకో నాగసాకి కనిపిస్తుంది. ఆ ఏడాది పోయినవాళ్ల ఆత్మల్ని సాగనంపడానికి ఇంటివాళ్లు అలంకరించిన పడవల్ని వీధుల్లో ఊరేగిస్తారు. దీని పేరు షోరో నగాషి. పేరు విని నీళ్ల మీద దీపాలు వదిలే ప్రశాంతమైన తంతు అనుకుంటారు. కాదు, దారి పొడుగునా టపాకాయలు. చెవుల్లో దూది పెట్టుకోకపోతే కష్టం. అంతిమయాత్రలో డప్పులు, టపాకాయలు చూసిన మనకు అది అంత వింతగా ఉండదు. వేరే దేశాలవాళ్లే బిత్తరపోతుంటారు.

వీసా, బ్యాగు, చేరుకోవడం

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వీసా తప్పనిసరి. 2024 ఏప్రిల్ నుంచి టూరిస్టులకు ఈ-వీసా ఇస్తున్నారు, దరఖాస్తు వీఎఫ్ఎస్ అనే వీసా సేవల సంస్థ ద్వారా. ఇక్కడ ఒక చిక్కుంది. ఎయిర్‌పోర్టులో ఆ వీసాను ఇంటర్నెట్ ఉన్న ఫోన్లో, అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్, ప్రింటు కాపీ చెల్లవు. కాబట్టి రోమింగో, ఈ-సిమ్మో బయల్దేరే ముందే సిద్ధం చేసుకోండి. అక్కడికెళ్లాక వైఫై కోసం వెతుక్కుంటూ టెన్షన్ పడొద్దు.

బ్యాగులో ఆవకాయ పెట్టుకోవచ్చు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసంతో చేసిన ఏ పదార్థమూ, సీసాలో ఎంత కొంచెం ఉన్నా, జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. అమ్మ ఎంత ప్రేమగా కట్టిచ్చినా కస్టమ్స్ దగ్గర ఒప్పుకోరు. అలాగే సూడోఎఫిడ్రిన్ ఎక్కువగా ఉండే జలుబు మందులకు అక్కడ నిషేధం ఉంది. మన మెడికల్ షాపుల్లో దొరికే జలుబు మాత్రలు కొన్నిటిలో ఆ మందు ఉండొచ్చు. డబ్బా వెనక చదివి పెట్టుకోండి.

మన ఊళ్ల నుంచి నాగసాకికి నేరుగా విమానం లేదు. టోక్యో మీదుగానో, సింగపూర్, బ్యాంకాక్ లాంటి చోట మారో ఫుకువోకా చేరడం తేలిక. ఫుకువోకాలో హకాతా అనేది పెద్ద రైల్వే స్టేషన్, విమానాశ్రయం నుంచి సబ్‌వేలో అయిదు నిమిషాలు. అంతర్జాతీయ టెర్మినల్‌లో దిగితే ముందు షటిల్ బస్సు ఎక్కాలి. హకాతా నుంచి 'రిలే కమోమె' అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కి తకెయో-ఒన్సెన్‌లో దిగితే, అదే ప్లాట్‌ఫారం అవతలి అంచున 'కమోమె' షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు, నిలబడి ఉంటుంది. దాటి ఎక్కడమే. మొత్తం గంటన్నర లోపు, ఛార్జీ సుమారు 6,000 యెన్. ఈ షింకన్‌సెన్ 2022 సెప్టెంబరు 23న మొదలైంది. పొడవు 66 కిలోమీటర్లే, దానిలోనూ చాలాభాగం సొరంగాలు. కిటికీ సీటు కోసం గొడవ పడక్కర్లేదు. హిరోషిమా నుంచి వచ్చేవాళ్లకు మొత్తం మూడు గంటలు చాలు. రెండు ఊళ్లూ చూడాలనుకుంటే ముందు హిరోషిమా, తర్వాత నాగసాకి. చరిత్రలో జరిగిన వరుసా అదే.

బస, ట్రాం

స్టేషన్ చుట్టుపక్కల గానీ, హమనోమాచి బజారు వైపు గానీ హోటల్ తీసుకోండి. ఊరంతా మెట్లూ, ఎత్తులూ. మ్యాప్‌లో పది నిమిషాల నడక అన్నది నిజానికి సింహాచలం మెట్లెక్కినట్టు ఉండొచ్చు. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే హోటల్ ట్రాం స్టాపు పక్కనే ఉండేలా చూసుకోండి.

ట్రాం ఈ ఊరికి ప్రాణం. ఎంత దూరమైనా ఒకే ఛార్జీ, 150 యెన్ చుట్టూ ఉంటుంది. ఒక రోజు పాసు సుమారు 600 యెన్, నాలుగైదు సార్లు ఎక్కితే గిట్టుబాటు. పాసులు ట్రాంలో అమ్మరు. హోటల్ కౌంటర్లోనో, స్టేషన్లోని టూరిస్టు ఆఫీసులోనో తీసుకోవాలి. వెనక తలుపు నుంచి ఎక్కి, ముందు తలుపు నుంచి దిగుతూ డబ్బులు వేయాలి. డ్రైవరు పక్కన డబ్బాలో సరిపడా చిల్లరే వేయాలి, చిల్లర మార్చే మిషన్ అక్కడే ఉంటుంది. టోక్యోలో రైళ్ల కోసం కొన్న సుయికా అనే ప్రీపెయిడ్ కార్డు ఇక్కడా పనిచేస్తుంది. గుర్తుంచుకోవాల్సిన లైన్లు రెండే: ఉరకామి వైపు వెళ్లాలంటే 1 లేదా 3, ఓవురా చర్చి వైపు వెళ్లాలంటే 5.

మొదటి సాయంత్రం: ఇనాసా కొండ

చేరిన రోజు సాయంత్రమే ఇనాసా కొండెక్కండి. ఎత్తు 333 మీటర్లు. ఫుచి అనే షింటో గుడి పక్కనుంచి రోప్‌వే ఉంది, అయిదు నిమిషాల్లో పైన ఉంటారు. అందరూ రాత్రి దీపాల కోసం చీకటి పడ్డాక వస్తారు. మీరు సూర్యాస్తమయానికి గంట ముందే వెళ్లండి. దీపాలు అందంగానే ఉంటాయి గానీ చీకట్లో కొండలు కనపడవు. మీకు కావాల్సింది ఆ కొండలు.

పైన నిలబడి చూస్తే, కింద రేవు. దక్షిణాన సముద్రం వైపు ఓడల కార్ఖానా. మీకు ఎదురుగా తూర్పున నకషిమా నది లోయలో పాత ఊరు. ఎడమ చేతి వైపు, ఉత్తరాన పొడవుగా సాగిన ఇంకో లోయ ఉరకామి. ఆ రెంటి మధ్యా అడ్డుగోడలా నిలబడ్డది కొంపిరా కొండ. ఇప్పుడు ఆ రోజు జరిగింది చూడండి. బాంబు మోసుకొచ్చిన విమానం అసలు గురి కొకురా అనే ఊరు. అక్కడ పొగ, మబ్బు కమ్మి నేల కనపడలేదు. మూడుసార్లు తిరిగి చూసి, ఇంధనం తగ్గిపోతుండగా నాగసాకికి మళ్లింది. ఇక్కడా మబ్బులే. గురి పెట్టుకున్నది పాత ఊరి నడిబొడ్డుని. బాంబు జారింది అక్కడికి వాయవ్యంగా మూడు కిలోమీటర్ల అవతల, మబ్బుల్లో సందు దొరికిన చోట. నేలకు 500 మీటర్ల ఎత్తున, 11:02కి పేలింది. అప్పటికి ఊరి జనాభా సుమారు 2,40,000. ఆ ఏడాది చివరికల్లా చనిపోయినవాళ్లు సుమారు 74,000.

ఈ ఊరే ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా కిందే కనిపిస్తుంది. రేవు అంచున మిత్సుబిషి ఓడల కార్ఖానా. 'ముసాషి' అనే మహా యుద్ధనౌక కట్టింది ఇక్కడే. ఉరకామి లోయలో టార్పెడోలు, ఆయుధాలు చేసే ఫ్యాక్టరీలు. వాటిలో బడి పిల్లలూ పనిచేశారు, కొరియా నుంచి బలవంతాన తెచ్చినవాళ్లూ పనిచేశారు. 1909లో నిలబెట్టిన పెద్ద క్రేను ఇప్పటికీ రేవులో పని చేస్తోంది, పైనుంచి వెతికి పట్టుకోండి.

రెండో రోజు పొద్దున: ఉరకామి నడక

ఎనిమిదింటికల్లా 1 లేదా 3 నంబరు ట్రాం ఎక్కి 'హేవా కోయెన్' స్టాపులో దిగండి. పీస్ పార్క్ అని దాని అర్థం. మొత్తం నడక మూడు నాలుగు కిలోమీటర్లు. ఆగుతూ వెళ్తే మూడు గంటలు పడుతుంది. నీళ్ల సీసా మర్చిపోవద్దు. ఎందుకంటున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మొదట బాంబు పేలిన బిందువు. స్టాపు నుంచి రెండు నిమిషాలు. ఒక నల్లరాతి స్తంభం, దాని చుట్టూ నేల మీద వలయాలు. అంతే. బాంబు ఆ స్తంభానికి సరిగ్గా పైన పేలింది. ఇక్కడున్న మత్సుయామా అనే పేటలో సుమారు 300 ఇళ్లుండేవి. ఆ సమయానికి ఆ పేటలో ఉన్నవాళ్లలో ప్రాణాలతో బయటపడ్డది, విమాన దాడుల నుంచి దాక్కునే సొరంగంలో ఉన్న తొమ్మిదేళ్ల పాప ఒక్కతే. స్తంభం పక్కన కూలిన ఉరకామి చర్చి గోడ ముక్కను తెచ్చి నిలబెట్టారు. చాలామంది ఇక్కడ ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు పక్కనే ఉన్న వాగు వైపు మెట్లు దిగండి. అక్కడ అద్దం వెనక 1945 నాటి నేల పొర అలాగే ఉంది. పెంకులు, ఇటుక ముక్కలు, కరిగిన గాజు, గిన్నెల ముక్కలు. ఈ ఊళ్లో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టింది ఆ మట్టి గోడే. మీరు నడుస్తున్న పార్కంతా ఆ పొర మీదే ఉంది.

పార్కులో ఒక మూల కొరియన్ మృతుల స్మారకం ఉంటుంది. చిన్నదే, వెతికి మరీ చూడండి.

తర్వాత రోడ్డు దాటితే పీస్ పార్క్. గుట్ట మీద ఉంటుంది, ఎస్కలేటర్ ఉంది. ఎక్కగానే ఒక ఫౌంటెన్. కాలిన గాయాలతో ఉన్నవాళ్లు నీళ్లు నీళ్లు అంటూ ప్రాణాలు విడిచారు. వాళ్ల కోసం 1969లో కట్టారు దీన్ని. నీటి ధారలు పావురం రెక్కల్లా లేస్తాయి. దాహానికి తట్టుకోలేక నూనె తేలుతున్న నీళ్లే తాగానని చెప్పిన ఒక చిన్నపిల్ల మాటలు ముందున్న రాతి మీద చెక్కి ఉన్నాయి. సంస్మరణ సభల్లో ఇప్పటికీ ముందుగా నీళ్లే సమర్పిస్తారు. సీసా తెచ్చుకోమన్నది అందుకే. మీ దాహం తీరుతుంది, దాహం అన్న మాటకు అక్కడ ఎంత బరువుందో కూడా తెలుస్తుంది.

ఇంకాస్త ముందుకెళ్తే నేల మీద మోకాలెత్తు గోడల పునాదులు. ఇది ఉరకామి జైలు. లోపలున్న 134 మందీ పోయారు. వాళ్లలో కొరియన్లు, చైనీయులూ ఉన్నారు. చివర్లో పెద్ద నీలి కంచు విగ్రహం. 1955లో పెట్టారు, ఎత్తు దాదాపు పది మీటర్లు. కుడి చెయ్యి ఆకాశంలోని ముప్పును చూపిస్తుంది, ఎడమ చెయ్యి శాంతిని. కళ్లు మూసుకుని ప్రార్థన. పోస్టుకార్డుల నిండా ఇదే. నిజం చెప్పాలంటే నన్ను అంతగా తాకలేదు. కండలు తిరిగిన ఆ పహిల్వాన్ కన్నా జైలు పునాదులే ఎక్కువ మాట్లాడాయి.

అక్కడి నుంచి తూర్పు వైపు పది పదిహేను నిమిషాలు నడిస్తే ఉరకామి చర్చి. బాంబు కేంద్రానికి సుమారు 500 మీటర్లు. దీని కథ తెలియకుండా చూస్తే ఎర్ర ఇటుకల చర్చి, అంతే. జపాన్‌లో 1614లో క్రైస్తవాన్ని నిషేధించారు. ఉరకామి రైతులు రెండున్నర శతాబ్దాల పాటు పాదిరీలు లేకుండా, రహస్యంగా, తరం నుంచి తరానికి మంత్రాల్లా ప్రార్థనలు అప్పజెప్పుకుంటూ ఆ మతాన్ని నిలుపుకున్నారు. అనుమానం వచ్చినవాళ్ల చేత మేరీమాత, క్రీస్తు బొమ్మలు తొక్కించేవారు. తొక్కనంటే చంపేవారు. 1868 నుంచి ఈ ఊరివాళ్లను మూడు వేలమందికి పైగా పట్టి దూరప్రాంతాలకు ప్రవాసం పంపారు. ఆరు వందలమందికి పైగా అక్కడే పోయారు. 1873లో నిషేధం ఎత్తేశాక మిగిలినవాళ్లు తిరిగొచ్చి, తమచేత బొమ్మలు తొక్కించిన గ్రామాధికారి ఇంటి స్థలాన్నే కొని చర్చి మొదలుపెట్టారు. 1914లో పూర్తయింది. 31 ఏళ్ల తర్వాత బాంబు పడింది. ఆ సమయానికి లోపల ఫాదర్లు భక్తుల పాపసంకీర్తనలు, అంటే పాపాల ఒప్పుకోళ్లు, వింటున్నారు. ఎవరూ మిగల్లేదు. సుమారు 12,000 మంది సభ్యుల్లో 8,500 మంది పోయారని అంచనా.

శిథిలాలను హిరోషిమా గుమ్మటంలాగా అలాగే ఉంచాలా, తీసేసి మళ్లీ కట్టాలా అని పెద్ద వాదం నడిచింది. 1958లో పడగొట్టి, 1959లో కొత్తది కట్టారు. నాగసాకికి హిరోషిమాలాగా ఒక ఫొటోలో ఇమిడే గుర్తు లేకపోవడానికి కారణం ఇదే. చర్చి పక్క వాలు మీద మాత్రం పేలుడుకు ఎగిరిపడ్డ పాత గంట గోపురం ఇప్పటికీ పడినచోటే ఉంది, కిందికి దిగి చూడండి. లోపల ఒక చిన్న ప్రార్థనాగదిలో కళ్లు కాలిపోయిన చెక్క మేరీమాత తల ఉంది. చర్చి జంట గంటల్లో ఒకటి శిథిలాల్లో దొరికింది, ఒకటి పగిలిపోయింది. ఆ పోయినదాని బదులు అమెరికా క్యాథలిక్కులు చందాలు వేసుకుని పంపిన గంట, 2025 ఆగస్టు 9న పాతదానితో కలిసి మోగింది. లోపల ఫొటోలు తీయకూడదు. ప్రార్థన జరుగుతుంటే బయటే ఆగండి.

ఓపిక ఉన్నవాళ్లు దగ్గర్లోనే న్యొకోదో అనే గుడిసె చూడొచ్చు. రెండు చాపలంత గది. డాక్టర్ తకాషి నగాయి ఎక్స్‌రే నిపుణుడు, బాంబుకు ముందే ఆయనకు రక్త కేన్సర్ బయటపడింది. బాంబు రోజు భార్య ఇంట్లోనే కాలిపోయింది. ఆయన గాయపడ్డవాళ్లకు వైద్యం చేసి, తర్వాత మంచాన పడి, ఇద్దరు పిల్లలతో ఈ గదిలోనే రాసుకుంటూ 1951లో వెళ్లిపోయారు.

చర్చి నుంచి దక్షిణంగా దిగితే వైద్య కళాశాల. బాంబు తాకిడికి పక్కకు ఒరిగిన రాతి గేటు స్తంభం ఒరిగినట్టే ఉంది. ఈ కళాశాలలో ఎనిమిది వందలమందికి పైగా పోయారు. ఊరికి వైద్యం చేయాల్సినవాళ్లే ముందు పోయారన్నమాట.

అక్కడి నుంచి సన్నో గుడికి పది నిమిషాలు. మెట్ల మీద ఒంటికాలి తోరణం. రాతి ద్వారంలో సగం ఎగిరిపోయి, ఒక స్తంభం మీదే ఎనభై ఏళ్లుగా నిలబడి ఉంది. కేంద్రానికి 800 మీటర్లు. విరిగిపడ్డ ముక్కలు పక్కనే పరిచి ఉంటాయి. పైకెక్కితే రెండు కర్పూర వృక్షాలు, వందల ఏళ్ల వయసు. బాంబుకు కొమ్మలూ ఆకులూ కాలిపోయి మోడులయ్యాయి. చచ్చిపోయాయనే అనుకున్నారు. కొన్నాళ్లకే చిగురేశాయి. ఇప్పుడు వాటి కింద నిలబడితే ఎండ తగలదు. ఇక్కడ అరగంట కూర్చోండి, తినడానికేమైనా ఉంటే తినండి. తర్వాత చూడబోయే చోట ఆకలి గుర్తుండదు.

పిల్లలకు చరిత్ర చెప్పే టీచర్లయితే ఇంకో చోటుంది. నది అవతల, కేంద్రానికి పడమరగా 500 మీటర్లలో షిరోయామా ప్రాథమిక పాఠశాల. సుమారు 1,500 మంది పిల్లల్లో 1,400 మంది పోయారని లెక్క, ఎక్కువమంది ఇళ్ల దగ్గరే. పాత భవనంలో కొంత భాగాన్ని చిన్న మ్యూజియంగా ఉంచారు. ఆవరణలో ఒక తల్లి తన కూతురి జ్ఞాపకంగా ఇచ్చిన చెర్రీ మొక్కల సంతతి ఉంది. బడి ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి పిల్లల్ని ఫొటోలు తీయొద్దు.

మధ్యాహ్నం: మ్యూజియం, స్మారక మందిరం

మ్యూజియం టికెట్టు 200 యెన్ చుట్టూ ఉంటుంది, మన లెక్కలో నూటపాతిక రూపాయలు దాటదు. ఏడాది చివర 29 నుంచి 31 వరకు సెలవు. మరమ్మతులతో కొన్ని గదులు మూసి ఉండొచ్చు కాబట్టి ముందురోజు వెబ్‌సైట్ చూసుకోండి. గుండ్రంగా తిరిగే వాలు దారిలో కిందికి దిగుతారు. మొదటి గదిలో 11:02కి ఆగిన గోడ గడియారం. అది దొరికింది మీరు ఇందాక కూర్చున్న సన్నో గుడి దగ్గరి ఇంట్లో. మాడిపోయిన అన్నంతో ఉన్న పద్నాలుగేళ్ల అమ్మాయి టిఫిన్ డబ్బా, కరిగి ముద్దయిన జపమాలలు, వేళ్ల ఎముకలతో అతుక్కుపోయిన గాజు. బాంబు నమూనా పసుపు రంగులో, 3.25 మీటర్ల పొడవుతో, పెద్ద గుమ్మడికాయలా ఉంటుంది. అసలుది నాలుగున్నర టన్నులు. రెండు గంటలు పెట్టుకోండి. చివరి గదుల్లో అణ్వాయుధాల లెక్కలు, ప్రయోగాలు ఉంటాయి. మన దేశం పేరు కూడా ఆ పట్టికల్లో కనిపిస్తుంది. అది చూసి ఇబ్బంది పడ్డా ముందుకు దాటేయకండి.

పదేళ్ల లోపు పిల్లల్ని లోపలికి తీసుకెళ్లొద్దని నా సలహా. ఫొటోలు భయపెడతాయి. ఇద్దరు పెద్దవాళ్లుంటే వంతులేసుకుని, ఒకరు పిల్లలతో బయట ఉండండి.

పక్కనే జాతీయ స్మారక మందిరం, ఉచితం. మ్యూజియం నుంచి వెళ్లినవాళ్లలో సగంమంది ఇటు రారు. అది వాళ్ల నష్టం. పైన నీళ్ల కొలను, దానిలో 70,000 చిన్న దీపాలు, చీకటి పడితే వెలుగుతాయి. కింద పన్నెండు గాజు స్తంభాల గది. మృతుల పేర్ల జాబితా ఆ గదిలోనే ఉంది. మాటల్లేవు, బొమ్మల్లేవు. బయటి గదుల్లో బతికి బయటపడ్డవాళ్లు చెప్పిన అనుభవాలు వినొచ్చు, చదవొచ్చు.

ఆ బతికినవాళ్లను హిబాకుషా అంటారు. వాళ్ల సంఘం నిహోన్ హిదాన్‌క్యో పుట్టింది ఈ ఊళ్లోనే, 1956 ఆగస్టులో. 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది వాళ్లకే. 2025 నాటికి ప్రభుత్వ లెక్కల్లో ఉన్న హిబాకుషాల సంఖ్య లక్షకు దిగువకు వచ్చింది, సగటు వయసు 86 దాటింది. వాళ్ల నోట వినే అవకాశం ఎక్కడైనా దొరికితే మిగతా కార్యక్రమమంతా రద్దు చేసుకునైనా వినండి. అడక్కుండా ఫొటో తీయకండి, "మీ ఒంటి మీద మచ్చలున్నాయా" లాంటి ప్రశ్నలు వద్దు.

ఆ సాయంత్రానికి ఇంకేమీ పెట్టుకోకండి. హోటల్‌కి వెళ్లి స్నానం చేసి పడుకోండి.

తిండి సంగతి

మాంసం తినేవాళ్లకు పండగే. చాంపొన్ అనే నూడిల్స్ గిన్నె ఇక్కడ చైనా వంటవాళ్ల చేతుల్లో పుట్టింది. పంది ఎముకల రసం, సముద్రపు తిండి, కూరగాయలు అన్నీ కలిపి ఉంటాయి. పంది తిననివాళ్లు దానికి దూరం. కస్టెల్లా కేకు పోర్చుగీసువాళ్లు నేర్పింది, గుడ్డు ఉంటుంది.

శాకాహారులకు అసలు కష్టం మాంసంతో కాదు, దాషితో. ఎండు చేప రసం అది. పులుసు, సాస్, చివరికి కూరగాయల వేపుడులోనూ ఉంటుంది. "వెజిటేరియన్" అని చెబితే మాంసం ముక్కలు తీసేసి, అదే రసంలో నవ్వుతూ వడ్డిస్తారు. వాళ్ల తప్పు కాదు. "నికు మో సకనా మో తబెమసెన్" అని చెప్పండి, మాంసమూ తినను చేపా తినను అని. దాషి సంగతి జపనీస్‌లో రాయించిన కాగితం జేబులో ఉంటే ఇంకా మేలు. భారతీయ, నేపాలీ హోటళ్లు జపాన్ ఊళ్లన్నిటిలోలాగే ఇక్కడా దొరుకుతాయి. పొద్దున నడకకు మాత్రం హోటల్ గదిలో కెటిల్ ఉంటుంది కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకున్న ఇన్‌స్టంట్ ఉప్మా హాయి.

మూడో రోజు: కొండ కాపాడిన ఊరు

నిన్న చూసింది కథ ముగింపు. ఇవాళ మొదలు. 1 నంబరు ట్రాంలో దెజిమా స్టాపులో దిగండి. 1636లో పోర్చుగీసువాళ్లను ఒకచోట కట్టేయడానికి సముద్రంలో విసనకర్ర ఆకారంలో పోసిన దీవి, నాలుగెకరాలు కూడా లేదు. వాళ్లను వెళ్లగొట్టాక 1641 నుంచి డచ్చివాళ్లను ఇందులో ఉంచారు. రెండు వందల ఏళ్లకు పైగా యూరప్‌కి జపాన్‌లో ఉన్న ఒకే గుమ్మం ఇది. ఇప్పుడు చుట్టూ నేల పూడ్చేశారు, దీవి అనిపించదు. గిడ్డంగుల్ని మాత్రం మళ్లీ కట్టారు.

మనవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. దెజిమాలో వ్యాపారం చేసిన ఇదే డచ్ ఈస్టిండియా కంపెనీకి 17వ శతాబ్దం మొదట్లోనే మన మచిలీపట్నంలో కొఠీ ఉంది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు బటావియా (ఇప్పటి జకార్తా) మీదుగా ఆ కంపెనీ ఓడల్లో ఈ దీవికి చేరేవి. జపాన్‌వాళ్లు వాటిని సరసా అన్నారు, ఇష్టంగా దాచుకున్నారు, టీ వేడుకల్లో పాత్రలు చుట్టే గుడ్డలుగా వాడుకున్నారు. బందరులో డచ్చివాళ్ల సమాధులు చూసినవాళ్లకు దెజిమా గిడ్డంగిలో నిలబడితే ఆ దారి రెండో చివర దొరికినట్టుంటుంది.

తర్వాత 5 నంబరు ట్రాంలో ఓవురా చర్చి. 1865లో తెరిచారు, విదేశీ వర్తకుల కోసం. మార్చి 17న ఉరకామి నుంచి కొందరు వచ్చి, ఫ్రెంచి ఫాదరు చెవిలో తామూ అదే మతమని గుసగుసగా చెప్పారు. రెండున్నర శతాబ్దాల రహస్యం బయటపడ్డ చోటు ఇది. నిన్న చూసిన ప్రవాసం, చర్చి, శిథిలం అన్నీ ఈ గుమ్మం దగ్గరి నుంచే మొదలయ్యాయి. బాంబుకు దెబ్బతింది గానీ నిలబడింది. మధ్యలో కొంపిరా కొండ ఉంది కదా. పక్కనే గ్లోవర్ తోట, స్కాట్లాండ్ వర్తకుడి 1863 నాటి ఇల్లు. రేవు బాగా కనిపిస్తుంది. గంట చాలు.

టైం మిగిలితే నకషిమా నది మీద 1634 నాటి కళ్లద్దాల వంతెన. నీళ్లలో నీడతో కలిసి రెండు గుండ్రాలు కనపడతాయి, నీళ్లు నిలకడగా ఉంటేనే. హషిమా దీవికి పడవ వెళ్లాలనుకునేవాళ్లు ఇంకో పూట పెట్టుకోవాలి. 1974లో ఖాళీ అయిన బొగ్గు గనుల దీవి అది. యుద్ధకాలంలో కొరియన్లు, చైనీయుల చేత వెట్టి చేయించిన చోటు. అలలు ఎక్కువుంటే దీవి మీద దిగనివ్వరు, చుట్టూ తిప్పి తీసుకొచ్చేస్తారు. దానికి మానసికంగా సిద్ధపడి వెళ్లండి.

రైలెక్కే ముందు

రైలుకు గంట టైం ఉంటే, స్టేషన్ నుంచి అయిదు నిమిషాలు ఎగువకు నడవండి. నిషిజాకా గుట్ట. 1597 ఫిబ్రవరి 5న 26 మంది క్రైస్తవులను ఇక్కడ శిలువల మీద చంపారు. వాళ్ల కంచు బొమ్మలు గోడ మీద వరసగా ఉన్నాయి, ఓవురా చర్చి ముఖం ఈ గుట్ట వైపే తిప్పి కట్టారు. ఆ 26 మందిలో ఒకాయన గొన్సాలో గార్సియా, ముంబై పక్కన వసాయిలో పుట్టినవాడు. జపాన్ భాష బాగా వచ్చినందుకు దుబాసీగా వచ్చి ఇక్కడే పోయాడు. ఏ బొమ్మ ఆయనదో పక్కనున్న మ్యూజియంలో అడిగితే చూపిస్తారు. చూసి దిగిరండి, లాకర్లోంచి బ్యాగు తీసుకోవడానికి ఓ పది నిమిషాలు ఉంచుకోండి.